నాలుగు పదుల ఆట

భారత టేబుల్‌ టెన్నిస్‌ చరిత్రలో ఆచంట శరత్‌ కమల్‌ పేరు ఒక క్రీడాకారుడిని మాత్రమే గాక ఒక కాలాన్నే సూచిస్తుంది. 2003లో తొలిసారి జాతీయ ఛాంపియన్‌ అయిన నాటి నుంచి 2025 మార్చిలో చెన్నైలో ఆటకు వీడ్కోలు పలికిన నాటి దాకా, పురుషుల విభాగంలో ఈ దేశం సాధించిన పెద్ద విజయాల్లో ఆయన పాలు లేనివి వెతికినా కొద్దిగానే దొరుకుతాయి. 10 జాతీయ సింగిల్స్‌ టైటిళ్లు, కామన్వెల్త్‌ క్రీడల్లో 7 స్వర్ణాలతో కలిపి 13 పతకాలు, ఆసియా క్రీడల్లో 2 కాంస్యాలు, 5 ఒలింపిక్స్‌ ఆయన ఖాతాలో ఉన్నాయి. ఈ అంకెలు పత్రికల్లో చాలాసార్లు వచ్చినవే. వాటి వెనుక ఉన్న అసలు విశేషం ఆయన ఆట ఆయుష్షు. కంటికి, చేతికి మధ్య క్షణంలో వందో వంతు ఆలస్యాన్ని కూడా మన్నించని ఆటలో, పదిహేనేళ్ల పిల్లలు ప్రపంచ స్థాయి పోటీల్లో తలపడే ఆటలో, ఒక మనిషి నలభై రెండేళ్లు వచ్చేదాకా దేశం తరఫున బ్యాట్‌ పట్టగలిగాడంటే, అందులో శరీరం పాలెంత, నేర్చుకునే గుణం పాలెంత, ఆసరాగా నిలిచిన వ్యవస్థల పాలెంత అన్నది విడదీసి చూడదగిన విషయం.

పశ్చిమ గోదావరిలోని ఆచంట గ్రామం పేరే ఇంటిపేరుగా ఉన్న ఈ తెలుగు కుటుంబం మద్రాసులో స్థిరపడింది. శరత్‌ 1982 జులై 12న పుట్టారు. తండ్రి శ్రీనివాసరావు, తండ్రి సోదరుడు మురళీధరరావు ఇద్దరూ టేబుల్‌ టెన్నిస్‌ ఆడినవారు, ఆ తరువాత శిక్షకులుగా మారినవారు. అందువల్ల ఆ ఇంటి పిల్లలకు ఈ ఆట బడికి వెళ్లక ముందే పరిచయమైంది. నాలుగేళ్ల వయసులో బ్యాట్‌ పట్టిన శరత్‌తో పాటు తమ్ముడు రజత్‌ కూడా పోటీల స్థాయి దాకా ఆడారు. శిక్షణకు నెలనెలా ఫీజు కట్టి, సాయంత్రం గంటసేపు ఎవరో ఒకరి హాలులో చోటు వెతుక్కోవలసిన పిల్లవాడికీ, శిక్షకుడి ఇంట్లోనే పెరిగిన పిల్లవాడికీ ఉన్న తేడా ప్రతిభకు సంబంధించినది కాదని, గంటల లెక్కకు సంబంధించినదని ఒప్పుకోకపోతే ఈ జీవితం సరిగా అర్థం కాదు. తరువాతి తరంలో హైదరాబాద్‌కు చెందిన ఆకుల శ్రీజ విషయంలోనూ అక్క ముందుగా ఈ ఆటలో ఉండటం దారి వేసింది.

కడప ప్రాంతంలోని రాజంపేట పాఠకులకు మద్రాసు దూరపు ఊరేమీ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ముంబయి నుంచి గుంతకల్లు, కడప మీదుగా వచ్చే రైలు నందలూరు, రాజంపేట, కోడూరు దాటి రేణిగుంట మీదుగా ఆ నగరానికే చేరుతుంది. చదువుకో, వైద్యానికో, వ్యాపారానికో ఆ రైలెక్కినవారు ఈ ప్రాంతంలో ప్రతి వీధిలోనూ ఉంటారు. తెలుగువారి క్రీడా చరిత్ర అంటే హైదరాబాద్‌, విజయవాడ, గుంటూరు అని లెక్కవేసే అలవాటులో మద్రాసు తెలుగువారి పాత్ర తరచుగా మరుగున పడుతోంది గనుక ఈ భూగోళం గుర్తుచేయవలసి వస్తోంది.

ఆటలో ఏముంది?

టేబుల్‌ టెన్నిస్‌ బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, మధ్యలో కట్టే వల ఎత్తు 15.25 సెంటీమీటర్లు, బంతి బరువు 2.7 గ్రాములు. ఇంత తేలికైన బంతిని బలంగా కొట్టడం వల్ల ఒరిగేది తక్కువ, ఎందుకంటే గాలి దాన్ని వెంటనే నెమ్మదింపజేస్తుంది. ఆటకు ప్రాణం స్పిన్‌, అంటే బంతి తన చుట్టూ తాను తిరగడం. బ్యాట్‌లోని చెక్క మీద స్పాంజి పొర, దాని మీద రబ్బరు పొర ఉంటాయి. ఆ రబ్బరుతో బంతి పైభాగాన్ని రాసుకుంటూ ముందుకు లాగితే బంతి ముందుకు దొర్లుతూ వెళ్లి, అవతలి బల్ల మీద పడగానే విసురుగా దూకుతుంది. దీన్ని టాప్‌స్పిన్‌ అంటారు. బంతి కింది భాగాన్ని కోసినట్లు కొడితే అది వెనక్కి తిరుగుతూ వెళ్లి, ఎదుటివాడు మామూలుగా తాకిస్తే వలలో పడుతుంది. దీన్ని బ్యాక్‌స్పిన్‌ అంటారు. ఎదుటివాడి మణికట్టు కదలికను చూసి వచ్చేది ఏ స్పిన్నో పసిగట్టడమే ఈ ఆటలో సగం విద్య. ఆ పసిగట్టే శక్తి వయసుతో తగ్గకపోగా పెరుగుతుంది గనుకనే, 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో లక్సెంబర్గ్‌ తరఫున ఆడిన నీ షియాలియన్‌ 61 ఏళ్ల వయసులో ఒక మ్యాచ్‌ గెలవగలిగారు.

స్పాంజి బ్యాట్‌ ప్రపంచాన్ని జయించింది మన దేశంలోనే. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జపాన్‌కు చెందిన హిరోజీ సతో మందపాటి స్పాంజి అతికించిన బ్యాట్‌తో ఆడి టైటిల్‌ గెలిచారు. బంతి బ్యాట్‌కు తగిలిన చప్పుడు కూడా వినిపించక ప్రత్యర్థులు తికమకపడ్డారని ఆ పోటీల గురించి చెబుతారు. ఆ తరువాత ఆట ఐరోపా నుంచి ఆసియా వైపు జరిగింది. మన దేశానికి మాత్రం ఆ మార్పులో పెద్దగా వాటా దక్కలేదు. హైదరాబాద్‌ నుంచి వచ్చిన సయ్యద్‌ సుల్తానా మహిళల్లో దేశ ఛాంపియన్‌గా వెలిగినా, అదే నగరానికి చెందిన మీర్‌ ఖాసిం అలీ 1969లో అర్జున అవార్డు అందుకున్నా, ముంబయి ఆటగాడు కమలేశ్‌ మెహతా 8 సార్లు జాతీయ టైటిల్‌ గెలిచినా, ఆ పేర్లకు దేశం వెలుపల రావలసినంత గుర్తింపు రాలేదు.

ఐదుసార్లు మారిన ఆట

శరత్‌ జీవితానికి తాళంచెవి ఇక్కడ ఉంది. ఆయన పద్దెనిమిదో ఏటి నుంచి ముప్పై రెండో ఏటి దాకా, అంతర్జాతీయ టేబుల్‌ టెన్నిస్‌ సమాఖ్య ఆట స్వరూపాన్ని ఐదుసార్లు మార్చింది. 2000లో, టీవీలో బంతి సరిగా కనిపించడం లేదని, ఆట మరీ వేగంగా సాగిపోతోందని బంతి వ్యాసాన్ని 38 మిల్లీమీటర్ల నుంచి 40 మిల్లీమీటర్లకు పెంచారు. 2001లో 21 పాయింట్ల గేమ్‌ను 11 పాయింట్లకు కుదించి, ఐదేసి సర్వీసుల బదులు రెండేసి సర్వీసుల పద్ధతి తెచ్చారు. 2002లో సర్వీస్‌ చేసేటప్పుడు బంతిని చేతితో గాని శరీరంతో గాని దాచడాన్ని నిషేధించారు. 2008లో చెక్కకు స్పాంజి, రబ్బరు పొరలను అతికించే ఘాటైన జిగురును, అంటే బంతికి అదనపు వేగాన్ని ఇచ్చే రసాయనాన్ని, ఆరోగ్యానికి హాని అని తీసేశారు. 2014లో సెల్యులాయిడ్‌ బంతి పోయి ప్లాస్టిక్‌ బంతి వచ్చింది, దానితో స్పిన్‌ తగ్గింది.

ఇవి పుస్తకంలో రాసుకునే చిన్న సవరణలుగా కనిపించవచ్చు గాని, రోజుకు ఆరేడు గంటలు ఒకే దెబ్బను వేలసార్లు కొట్టి కండరాలకు అలవాటు చేసుకున్నవాడికి బంతి రెండు మిల్లీమీటర్లు పెరిగిందంటే నేర్చినదాన్ని కొంత మరిచిపోయి మళ్లీ నేర్వవలసి ఉంటుంది. 21 పాయింట్ల కాలంలో మొదట నాలుగైదు పాయింట్లు పోయినా నిదానంగా పుంజుకోవచ్చు. 11 పాయింట్ల ఆటలో ఆ తీరిక ఉండదు. శరత్‌ తరానికి చెందిన ఎందరో ఈ మార్పుల్లో ఒకటో రెండో దాటి ఆగిపోయారు.

ఆయన ఆటకు మొదటి నుంచీ బలం ఫోర్‌హ్యాండ్‌, అంటే బ్యాట్‌ పట్టిన చేతి వైపున కొట్టే దెబ్బ. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవైన చేయి ఉన్నందువల్ల బల్లకు కొంత వెనక్కి జరిగి, నడుము తిప్పుతూ విసిరే టాప్‌స్పిన్‌ కామన్వెల్త్‌ దేశాల ఆటగాళ్లకు చాలాకాలం అంతుపట్టలేదు. లోపం కూడా అక్కడే ఉండేది. ఎడమ పక్కకు బంతి వేస్తే ఆయన బ్యాక్‌హ్యాండ్‌ అంత పదునుగా ఉండేది కాదు, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి కాళ్లతో పరుగెత్తి ఆ పక్క కూడా ఫోర్‌హ్యాండ్‌తోనే కొట్టేవారు. ఇరవై అయిదేళ్ల వయసులో సాగే ఈ పరుగు ముప్పై అయిదేళ్ల వయసులో సాగదు. బల్లకు దగ్గరగా నిలబడి, దెబ్బ ఊపును కుదించి, బ్యాక్‌హ్యాండ్‌ను కొత్తగా తీర్చిదిద్దుకోవడం ఆయన ముప్పైల్లో చేసిన పని. ఇటలీకి చెందిన శిక్షకుడు మాసిమో కాస్తాంతీని భారత జట్టుతో వేర్వేరు దఫాలుగా చేసిన కృషికి ఇందులో భాగం ఉంది. పతకాలు తెచ్చిన ఏ ఒక్క మ్యాచ్‌ కన్నా ఈ మార్పే ఆయన క్రీడా జీవితంలో గొప్ప ఘట్టమని చెప్పవచ్చు.

మెల్‌బోర్న్‌ నుంచి బర్మింగ్‌హామ్‌ దాకా

2004లో కౌలాలంపూర్‌లో కామన్వెల్త్‌ టేబుల్‌ టెన్నిస్‌ ఛాంపియన్‌షిప్‌ సింగిల్స్‌ గెలవడంతో ఆయన పేరు బయట వినిపించింది. ఆ ఏడాదే అర్జున అవార్డు, ఆ ఏడాదే ఏథెన్స్‌లో తొలి ఒలింపిక్స్‌. 2006 మార్చిలో మెల్‌బోర్న్‌ కామన్వెల్త్‌ క్రీడల సింగిల్స్‌ ఫైనల్లో, ఆతిథ్య దేశపు ఆటగాడు విలియం హెంజెల్‌ను, ఆయన సొంత ప్రేక్షకుల ముందు, ఏడు గేముల పోరులో ఓడించి స్వర్ణం గెలిచారు. జట్టు స్వర్ణం దానికి తోడయింది. 2010లో ఈజిప్ట్‌ ఓపెన్‌ గెలిచి, ప్రపంచ స్థాయి ప్రో టూర్‌లో పురుషుల సింగిల్స్‌ టైటిల్‌ సాధించిన తొలి భారతీయుడయ్యారు. అదే ఏడాది ఢిల్లీ కామన్వెల్త్‌ క్రీడల్లో శుభజిత్‌ సాహాతో కలిసి డబుల్స్‌ స్వర్ణం దక్కింది.

ఈ దశలో ఆయన ఐరోపా క్లబ్బులకు ఆడటాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జర్మనీ లీగ్‌లో ప్రతి వారం ఒక మ్యాచ్‌ ఉంటుంది, ప్రతి మ్యాచ్‌లోనూ తనకన్నా మెరుగైనవాడో తనతో సమానుడో ఎదురవుతాడు. టిమో బోల్‌ వంటి దిగ్గజం ఆడిన బొరుసియా డసెల్‌డార్ఫ్‌ క్లబ్‌లో సాధన చేయడం వల్ల కలిగే లాభాన్ని దేశంలో ఏడాదికి నాలుగు పోటీలు ఆడి పొందలేరు. అప్పట్లో మన దేశంలో అలాంటి లీగ్‌ లేదు, అల్టిమేట్‌ టేబుల్‌ టెన్నిస్‌ 2017లో గాని మొదలు కాలేదు. రెండో ఆసరా ఇండియన్‌ ఆయిల్‌ కార్పొరేషన్‌లో ఉద్యోగం. గెలిచినా ఓడినా నెల జీతం చేతికి రావడం, పోటీలకు సెలవు దొరకడం అన్నవి క్రీడావ్యాసాల్లో ఎవరూ పెద్దగా రాయని విషయాలు. ప్రైజ్‌మనీ తక్కువగా ఉన్న ఈ ఆటలో మాత్రం ముప్పై దాటిన ఆటగాడిని ఇంటికి పంపకుండా నిలిపింది చాలావరకు అవే. శ్రీజకు రిజర్వు బ్యాంకు ఉద్యోగం ఇచ్చిన ఆసరా కూడా ఇలాంటిదే.

2012 లండన్‌ ఒలింపిక్స్‌కు ఆయన అర్హత పొందలేదు. 2014 గ్లాస్గోలో దక్కింది ఒక్క డబుల్స్‌ రజతం. 2015లో తొడ వెనుక కండరానికి గాయం, 2016 రియోలో మొదటి రౌండ్‌లోనే ఓటమి. ఆ ఏడాదికి ఆయనకు 34 ఏళ్లు, అప్పుడు ఆట మానేసి ఉంటే దేశం మంచి ఆటగాడని చెప్పుకుని ఊరుకునేది.

ఆయన మానలేదు. 2018లో గోల్డ్‌కోస్ట్‌లో జట్టు స్వర్ణంతో పాటు డబుల్స్‌ రజతం, సింగిల్స్‌ కాంస్యం వచ్చాయి. ఆ ఆగస్టులోనే జకార్తా ఆసియా క్రీడల్లో భారత పురుషుల జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం గెలిచింది. 1958లో ఈ ఆట ఆసియా క్రీడల్లో చేరినప్పటి నుంచి 60 ఏళ్లలో భారత్‌కు అదే తొలి పతకం. మనికా బాత్రాతో కలిసి మిక్స్‌డ్‌ డబుల్స్‌లో మరో కాంస్యం తెచ్చారు. చైనా, జపాన్‌, కొరియాలు ఉండే ఆసియా పతకానికీ, అవి లేని కామన్వెల్త్‌ పతకానికీ మధ్య ఎంతో వ్యత్యాసం ఉంది గనుక, ఆయన పతకాలన్నిటిలో ఈ రెండు కాంస్యాలనే పైన పెట్టడం న్యాయం. 2019లో పద్మశ్రీ అందింది. 2020 మార్చిలో, పదేళ్ల విరామం తరువాత, మస్కట్‌లో ఒమన్‌ ఓపెన్‌ ఫైనల్లో పోర్చుగల్‌కు చెందిన మార్కోస్‌ ఫ్రెయితాస్‌ను ఓడించి మరో అంతర్జాతీయ సింగిల్స్‌ టైటిల్‌ గెలిచారు. టోక్యో ఒలింపిక్స్‌లో చైనా మహా ఆటగాడు మా లాంగ్‌ చేతిలో 1-4 తేడాతో ఓడినా, రెండో గేమ్‌ను 11-8తో గెలుచుకుని, మూడో గేమ్‌ను 11-13 దాకా లాగిన తీరు ఆయన సత్తాను చాటింది.

2022 బర్మింగ్‌హామ్‌ నాటికి ఆయనకు 40 నిండాయి. జట్టు స్వర్ణం, శ్రీజతో కలిసి మలేసియా జోడీపై మిక్స్‌డ్‌ డబుల్స్‌ స్వర్ణం, జట్టు సహచరుడు సత్యన్‌తో డబుల్స్‌ రజతం గెలిచి, చివరి రోజున సింగిల్స్‌ ఫైనల్లో ఇంగ్లండ్‌ ఆటగాడు లియామ్‌ పిచ్‌ఫోర్డ్‌ను 4-1తో ఓడించారు. మెల్‌బోర్న్‌ స్వర్ణానికీ దీనికీ మధ్య 16 ఏళ్లు గడిచాయి. ఆ క్రీడల ముగింపు వేడుకలో జాతీయ పతాకం పట్టింది ఆయన, నిజామాబాద్‌ బాక్సర్‌ నిఖత్‌ జరీన్‌; రెండేళ్ల తరువాత పారిస్‌ ఒలింపిక్స్‌ ప్రారంభ వేడుకలో సెన్‌ నది మీద పతాకం పట్టింది ఆయన, పి.వి. సింధు. రెండు వేదికల మీదా ఇద్దరేసి తెలుగువారు పతాకధారులు కావడాన్ని మన పత్రికలు ఇంకొంచెం చాటి ఉండవలసింది. 2022 సంవత్సరానికి ఖేల్‌రత్న ఆయనను వరించింది.

పారిస్‌ అర్హత సైతం తేలికగా రాలేదు. 2024 మార్చిలో సింగపూర్‌ స్మాష్‌ పోటీలో అర్హత రౌండ్ల నుంచి మొదలుపెట్టి, ప్రపంచ 13వ ర్యాంకర్‌ డార్కో యోర్గిచ్‌ను ఓడించి క్వార్టర్‌ ఫైనల్‌ చేరడంతో ఆయన ర్యాంకు ఒక్కసారిగా 34కు ఎగబాకింది. పారిస్‌ సింగిల్స్‌లో ఆయన తొలి రౌండ్‌లోనే వెనుదిరిగారు. అదే ఒలింపిక్స్‌లో శ్రీజ తన 26వ పుట్టినరోజైన జులై 31న గెలిచి ప్రీక్వార్టర్స్‌ చేరారు. 2025 మార్చి చివరి వారంలో చెన్నైలో జరిగిన డబ్ల్యూటీటీ స్టార్‌ కంటెండర్‌ పోటీలో, ఆయన చివరి సింగిల్స్‌ మ్యాచ్‌లో ఆయనను వరుస గేముల్లో ఓడించింది తెలంగాణ కుర్రాడు సూరావజ్జుల స్నేహిత్‌.

వేల్స్‌, కడప

శరత్‌ను నిలిపినటువంటి ఆసరాలు మన ఊళ్ల పిల్లలకు ఉన్నాయా అని చూడటానికి, ఈ ఆటకు వేల్స్‌తో ఉన్న బంధం పోలికగా పనికొస్తుంది. బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌కు కామన్వెల్త్‌ క్రీడల్లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సొంత జట్టు ఉంది. 1967 నుంచి 1987 దాకా ప్రపంచ సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉన్న రాయ్‌ ఎవాన్స్‌ ఆ దేశపు మనిషే. చైనా, అమెరికాల మధ్య మంచును కరిగించిన 1971 నాటి పింగ్‌పాంగ్‌ దౌత్యం ఆయన హయాంలో జరిగింది. 1988 సియోల్‌ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దక్కడానికి పునాది కూడా ఆయన కాలంలోనే పడింది. శరత్‌ 35 ఏళ్ల వయసులో ఆడిన గోల్డ్‌కోస్ట్‌ క్రీడల్లోనే వేల్స్‌ తరఫున అనా హర్సీ అనే బాలిక 11 ఏళ్ల వయసులో బరిలోకి దిగింది. 2011 లెక్కల ప్రకారం వేల్స్‌ జనాభా దాదాపు 30 లక్షలు, అప్పటి ఉమ్మడి కడప జిల్లా జనాభా 28 లక్షలకు పైగా. జనం లెక్కన రెండూ సమానమే. ఒకచోట పదకొండేళ్ల పిల్లను అంతర్జాతీయ వేదిక మీద నిలబెట్టే క్లబ్బులు, శిక్షకులు, పోటీల వరుస ఉన్నాయి. మరోచోట అవి లేవు. పిల్లల్లో తేడా వెతకనక్కర్లేదు.

రాజంపేట వంటి ఊరికి ఈ ఆట తగినదే. ఏప్రిల్‌, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటే చోట మైదానంలో పగలు ఆడటం కుదరదు, టేబుల్‌ టెన్నిస్‌కు ఒక గది చాలు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఫ్యాన్‌ వేస్తే 2.7 గ్రాముల బంతి గాలికి పక్కకు పోతుంది, ఆపితే ఉక్కపోత భరించడం కష్టం. అందువల్ల వేసవిలో సాధన తెల్లవారుజామునే జరగాలి. ఒక బల్ల, రెండు జతల మంచి రబ్బరు బ్యాట్లు, గ్రోసు బంతులు, స్పిన్‌ అంటే ఏమిటో తెలిసిన ఒక శిక్షకుడు ఉంటే మొదలుపెట్టవచ్చు. వీటిలో కొనలేనిది చివరిది, కావలసింది ముఖ్యంగా అదే. బల్ల ఉన్న బడుల, కళాశాలల యాజమాన్యాలు వేసవి సెలవుల్లో ఆ గదిని ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఊరి పిల్లలందరికీ తెరిచి ఉంచాలి, తమ వ్యాయామ ఉపాధ్యాయుల్లో ఒకరినైనా శిక్షక కోర్సుకు పంపాలి.